కత్తెర చేతిలోనే ఉంటుంది, ఏం కత్తిరించాలో గుర్తుండదు: నొప్పితో పాటు మతిమరుపు కూడా వస్తుందా?

ఆదిజాకెట్టు, ఖమ్మం | సోమవారం, రాత్రి 11:20

అందరికీ నమస్కారం. ఆరు నెలలుగా ఇక్కడ అందరివీ చదువుతున్నాను, రాయడం మాత్రం ఇదే మొదటిసారి. కాస్త పొడవైంది, ఓపికగా చదవండి.

నాకు 43 ఏళ్లు. ఇంటి ముందు గదిలో టైలరింగ్ చేస్తాను, 19 ఏళ్లుగా ఇదే పని. నాలుగేళ్ల కిందట మెడ, భుజాలు, నడుము, తొడలు ఒకటే నొప్పులు మొదలయ్యాయి. ఏ రక్త పరీక్ష చేయించినా నార్మల్ అనే వచ్చింది. ముగ్గురు డాక్టర్లు మారాక రుమటాలజీ డాక్టరు గారు ఫైబ్రోమయాల్జియా అన్నారు. నొప్పితో రోజులు వెళ్లదీయడం కొంత నేర్చుకున్నాను. ఈ మతిమరుపే నా వల్ల కావడం లేదు.

పోయిన గురువారం ఒక పెళ్లికూతురి జాకెట్టు కటింగ్ పెట్టుకున్నాను. వాళ్లమ్మ పెళ్లినాటి పట్టుచీరలోని ముక్క అది. ఆది జాకెట్టు పక్కనే ఉంది, కొలతలు పుస్తకంలో ఉన్నాయి. ముందు మెడ ఆరున్నర, వెనక మెడ పది. చేతులు, వెనక భాగం సరిగ్గానే తీశాను. ముందు భాగానికి చాక్‌తో గీస్తుంటే కుడి భుజంలో మంట లేచింది. ఒక నిమిషం ఆగి, గీత పూర్తి చేసి కత్తెర వేశాను. ముక్క ఎత్తి చూస్తే ముందు భాగానికి కూడా పది అంగుళాల మెడ తీసేసి ఉంది. మళ్లీ తీద్దామంటే గుడ్డ మిగల్లేదు. ఆ ముక్క ఒళ్లో పెట్టుకుని కింద కూర్చుండిపోయాను. మా పాప స్కూలు నుంచి వచ్చేదాకా లేవలేదు.

వాళ్లు డబ్బు తీసుకోలేదు, ఒక్క మాట కూడా అనలేదు. ఆవిడ ఆ ముక్కని మడిచి సంచిలో పెట్టుకున్న తీరు మాత్రం నా కళ్లముందే ఉంది.

ఇదొక్కటే కాదు. బాబిన్‌లో దారం చుట్టి ఎక్కడ పెట్టానో తెలియదు. పదేళ్లుగా వచ్చే కస్టమరు ఎదురుగా నిలబడితే పేరు రాదు. పాలు పొయ్యి మీద పెట్టి పక్క గదిలోకి వెళ్తే మాడు వాసన వచ్చేదాకా తెలియదు. మా నాన్నమ్మ చివరి రోజుల్లో మా నాన్ననే "నువ్వెవరబ్బాయివి" అని అడిగేది. నాకూ అదే మొదలైందేమోనని రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదు.

వాడుతున్నవి: రాత్రి పడుకునేటప్పుడు అమిట్రిప్టిలిన్ 10, పొద్దున రాత్రి ప్రీగాబలిన్ 75, రోజూ పరగడుపున గ్యాస్ మాత్ర. ఇది నొప్పి వల్లా, మందుల వల్లా, లేక ఇంకేదైనానా? మీలో పని చేసుకునేవాళ్లు ఎలా నెట్టుకొస్తున్నారు?

గోదారిగట్టు, రాజమండ్రి | సోమవారం, రాత్రి 11:52

చెల్లీ, నీ పోస్టు రెండుసార్లు చదివాను. మొదటిసారి చదివాక పైన ఏముందో గుర్తు లేక రెండోసారి చదవాల్సి వచ్చింది. నువ్వు ఒంటరివి కాదమ్మా. నాది రుమటాయిడ్ కీళ్లవాతం, పదకొండేళ్లు అయింది. రేపు పెద్దగా రాస్తాను, ఈ పూట వేళ్లు సహకరించడం లేదు. ముందు నువ్వు పడుకో.

లెక్కల మాస్టారు, పార్వతీపురం | మంగళవారం, ఉదయం 5:40

చెల్లెమ్మా, నాకు నడుము డిస్కు ఆపరేషన్ అయి ఆరేళ్లు. ఎడమ కాలు పిక్క దాకా లాగే నొప్పి మాత్రం పోలేదు. హైస్కూల్లో లెక్కలు చెబుతాను.

రెండేళ్ల కిందట పదో తరగతికి త్రికోణమితి చెబుతున్నాను. బోర్డు మీద నిరూపణ సగంలో ఉండగా కాలు లాగింది. బల్ల పట్టుకుని నిలబడి, మళ్లీ బోర్డు వైపు తిరిగితే నేను రాసిన వరసలే నాకు కొత్తగా కనిపించాయి. ఎక్కడి నుంచి ఎక్కడికి వెళ్తున్నానో అర్థం కాలేదు. క్లాసంతా నిశ్శబ్దం. ముందు బెంచీలో ఒక అమ్మాయి మెల్లగా "సార్, రెండో వైపు సైన్ స్క్వేర్ తీసుకోవాలండి" అంది. ఆ పిల్ల గొంతులో ఎగతాళి లేదు. అయినా ఆ రోజు స్టాఫ్ రూములో టిఫిన్ డబ్బా తెరవలేకపోయాను.

తర్వాత నా మీద నేనే గమనిక పెట్టుకున్నాను. నేను పాఠం మర్చిపోలేదు. నొప్పి వచ్చిన ఆ అర నిమిషంలో రాసింది అసలు నా మనసులోకి ఎక్కలేదు. బడి పక్కన ఎవరింట్లోనో శుభకార్యానికి మైక్ సెట్టు పెడితే పిల్లలకి పాఠం వినపడదు. మర్నాడు అడిగితే చెప్పలేరు. దాన్ని మతిమరుపు అంటామా? పాఠం వాళ్ల చెవినే పడలేదు. నొప్పి అంటేనే ఒంట్లో మోగే హెచ్చరిక గంట. దాని పనే మన ధ్యాసని లాక్కోవడం. వేలు కాలితే చెయ్యి వెనక్కి తీసుకునేలా చేసేది అదే. దీర్ఘకాలిక నొప్పిలో ఆ గంట ఆగదు. మిగిలిన ధ్యాసతోనే మనం కొలతలు, పేర్లు, పాలు అన్నీ చూసుకోవాలి.

నేను చేసేది చాలా చిన్న పని. లెక్క మొదలుపెట్టే ముందు బోర్డు కుడి మూలలో దాని మెట్లు పొట్టిగా రాస్తాను. ఒక్కో మెట్టు అవగానే టిక్కు పెడతాను. ఎక్కడ ఆగినా టిక్కు చూస్తే చాలు. పిల్లలకి కూడా అది పనికొచ్చింది, ఇప్పుడు వాళ్ల నోట్సులో అలాగే రాసుకుంటున్నారు.

మీకు నాదొక మనవి. నొప్పి లేచినప్పుడు సగం గీతని పూర్తి చేయకండి. కత్తెర కింద పెట్టేయండి. తగ్గాక ఆగిన చోటి నుంచి కాకుండా మొదటి కొలత నుంచి మళ్లీ మొదలుపెట్టండి. ఐదు నిమిషాలు ఎక్కువ పడుతుంది, అంతే.

నైట్‌డ్యూటీ, హైదరాబాద్ | మంగళవారం, ఉదయం 8:15

అక్కా, నేను స్టాఫ్ నర్సుని. డాక్టర్ని కాదు, కాబట్టి నేను రాసేవి మీ డాక్టరు గారిని అడగాల్సిన ప్రశ్నలుగా తీసుకోండి.

ముందుగా మీ భయం గురించి. ఫైబ్రోమయాల్జియాలో ఈ మసక చాలామందికి ఉంటుంది, దాన్ని ఫైబ్రో ఫాగ్ అనే పిలుస్తారు. 1990 నాటి పద్ధతిలో ఒంటి మీద 18 చోట్ల నొక్కి, 11 చోట్ల నొప్పి ఉందా అని చూసేవారు. 2010లో అమెరికన్ కాలేజ్ ఆఫ్ రుమటాలజీ తెచ్చిన పద్ధతిలో అలసట, లేచినా తీరని నిద్ర, జ్ఞాపకశక్తి ఇబ్బందులు కూడా లెక్కలోకి వచ్చాయి. అంటే మీరు చెప్పేది జబ్బు లక్షణాల్లో ఒకటి, మీ ఊహ కాదు. ఈ మసక నొప్పిని, నిద్రని బట్టి ఒకరోజు ఎక్కువ, ఒకరోజు తక్కువ ఉంటుంది. నాన్నమ్మ గారికి వచ్చినలాంటిది నెలలు గడిచేకొద్దీ ముదురుతూ పోతుంది. తెలిసిన దారిలో తప్పిపోవడం, డబ్బు లెక్క అసలు తెలియకపోవడం లాంటివి ఉంటే న్యూరాలజిస్టుకి చూపించాలి. ఉన్నట్టుండి మాట తడబడినా, ఒక పక్క చెయ్యి కాలు బలహీనపడినా మాత్రం ఒక్క గంట కూడా ఆగకూడదు, వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

ఇక మందులు. అమిట్రిప్టిలిన్, ప్రీగాబలిన్ రెండూ నొప్పికి మంచివే, రెండింటికీ మత్తు గుణం ఉంది. కొందరికి పొద్దున దాకా తల బరువుగా ఉంటుంది. అయ్యో ఇదా కారణం అని మీరే ఆపేయకండి. ప్రీగాబలిన్ ఒక్కసారిగా ఆపితే వేరే ఇబ్బందులు వస్తాయి. వేసుకునే టైము, డోసు గురించి డాక్టర్ని అడగండి.

నాకు రెండు సందేహాలు. ఆ గ్యాస్ మాత్ర ఎన్నాళ్లుగా వాడుతున్నారు? చీటీలో లేనివి, మెడికల్ షాపులో మీరే కొనుక్కునేవి ఏమైనా ఉన్నాయా? జలుబుకి, దురదకి, నిద్రకి, దేనికైనా సరే.

ఆదిజాకెట్టు, ఖమ్మం | మంగళవారం, మధ్యాహ్నం 2:05

మాస్టారు గారూ, "పాఠం చెవినే పడలేదు" అన్న మాట మా పాప చేత పెద్ద అక్షరాలతో రాయించి మిషన్ ఎదురుగా అంటించాను.

నర్సమ్మా, గ్యాస్ మాత్ర నాలుగేళ్లుగా వాడుతున్నాను. మొదట్లో నొప్పి మాత్రలతో పాటు రాశారు, తర్వాత ఎవరూ ఆపమనలేదు. మీరు అడిగాక గుర్తొచ్చింది, గుడ్డల దుమ్ముకి తుమ్ములొస్తాయని రోజూ సాయంత్రం జలుబు మాత్ర ఒకటి వేసుకుంటాను. పది మాత్రల షీటు, రెండేళ్ల నుంచి. అది మందు అనే అనుకోలేదు, అందుకే ఏ డాక్టరుకీ చెప్పలేదు.

నైట్‌డ్యూటీ, హైదరాబాద్ | మంగళవారం, మధ్యాహ్నం 3:30

అక్కా, ఆ షీటు వెనక పేరు చూడండి. క్లోర్‌ఫెనిరమిన్ అని ఉంటే అది మత్తిచ్చే రకం. అమిట్రిప్టిలిన్ కూడా ఉంది కాబట్టి రెండూ కలిసి నోరు ఎండిపోవడం, మగత, మతిమరుపు పెంచుతాయి. షీటు తీసుకెళ్లి డాక్టరుకి చూపించండి. తుమ్ములకి మత్తు తక్కువ ఉండే మాత్రలు ఉన్నాయి.

గ్యాస్ మాత్ర ఏళ్ల తరబడి వాడితే కొందరిలో బి12 తగ్గుతుంది. షుగరుకి మెట్‌ఫార్మిన్ వాడేవాళ్లకీ, మాంసం, గుడ్లు, పాలు తగ్గించినవాళ్లకీ అంతే. బి12 తగ్గితే మతిమరుపు, కాళ్లు చేతులు తిమ్మిర్లు వస్తాయి. థైరాయిడ్ తగ్గినా ఇలాగే ఉంటుంది. ఈ రెండు పరీక్షలూ ఎప్పుడు చేయించారో చూసుకోండి. మనసు దిగులుగా ఉండి ఏ పనీ చేయబుద్ధి కాకపోతే అది కూడా దాచకుండా చెప్పండి. దిగులు కూడా ధ్యాసని తినేస్తుంది, దానికీ వైద్యం ఉంది.

గోదారిగట్టు, రాజమండ్రి | మంగళవారం, రాత్రి 9:10

నిన్న రాస్తానన్నది ఇప్పుడు రాస్తున్నాను. ఇది ఆదిజాకెట్టు చెల్లికే కాదు, కీళ్లవాతానికి మెథోట్రెక్సేట్ వాడే ప్రతి ఒక్కరూ చదవాలి.

ఆ మాత్ర వారానికి ఒక్కరోజే వేసుకోవాలి. నాది ఆదివారం. మిగతా రోజుల్లో ఫోలిక్ యాసిడ్. నేను వాడే కంపెనీలో రెండూ చిన్న పసుపు మాత్రలే. పోయిన ఏడాది వానాకాలంలో నొప్పులు బాగా పెరిగి వారం రోజులు సరిగ్గా నిద్ర లేదు. ఆదివారం పొద్దున వేసుకున్నాను. సోమవారం పొద్దున ఫోలిక్ అనుకుని మళ్లీ మెథోట్రెక్సేటే వేసుకున్నాను. మంగళవారం కూడా అదే చేయబోతూ మాత్ర అరచేతిలో పెట్టుకున్నాక షీటు మీద ఖాళీలు ఎక్కువ కనిపించాయి. చెయ్యి వణికింది. మా పెద్దాడు ఆఫీసు మానేసి అప్పటికప్పుడు ఆసుపత్రికి తీసుకెళ్లాడు. రక్త పరీక్షలు చేసి, రెండు రోజులు ఉంచి పంపారు. దేవుడి దయ వల్ల రక్తకణాలు పడిపోలేదు.

ఇప్పుడు ఆ షీటు నా దగ్గర ఉండదు. మా వారి బీరువాలో ఉంటుంది. ఆదివారం టిఫిన్ అయ్యాక ఆయనే తీసి ఇస్తారు. నేను మింగాక గోడ మీద క్యాలెండర్‌లో ఆ తేదీ గడిలో "వేశాను" అని నా చేత్తో రాస్తాను. రాయకుండా కుర్చీలోంచి లేవను. పాల లెక్క రాసే క్యాలెండరే, కొత్తగా ఏదీ నేర్చుకోనక్కర్లేదు. ఫోన్లో అలారం కూడా పెట్టి చూశాను. అలారం ఆపేసి, వేసుకున్నానో లేదో మళ్లీ అనుమానం వచ్చేది. గడిలో రాత అయితే అనుమానం రాదు.

నైట్‌డ్యూటీ, హైదరాబాద్ | మంగళవారం, రాత్రి 9:48

అమ్మా, మీరు ఇది రాసినందుకు నమస్కారం. అందరికీ ఒక్క మాట: మెథోట్రెక్సేట్ ఒక్కరోజు ఎక్కువ పడినా, ఒంట్లో బాగానే ఉన్నా సరే, ఆ రోజే ఆసుపత్రికి వెళ్లండి. నోట్లో పుళ్లు, జ్వరం వచ్చేదాకా చూడకండి. దానికి ఫోలినిక్ యాసిడ్ అనే విరుగుడు ఉంది, ఎంత త్వరగా ఇస్తే అంత మంచిది. మామూలు ఫోలిక్ మాత్ర ఇంకోటి వేసుకుంటే సరిపోదు.

శుభోదయం, తిరుపతి | బుధవారం, ఉదయం 6:30

ఇన్ని మాత్రలు, పరీక్షలు ఎందుకండీ? మా ఇంట్లో పిల్లలకి కూడా సరస్వతి ఆకు పొడి ఇస్తాం. నలభై రోజులు పాలల్లో వేసుకుని తాగండి, కాసేపు ధ్యానం చేయండి. మనసు గట్టిగా ఉంటే నొప్పి అదే సర్దుకుంటుంది.

గోదారిగట్టు, రాజమండ్రి | బుధవారం, ఉదయం 7:20

మీరు మంచి మనసుతో చెప్పారు, కాదనను. ధ్యానం నేనూ చేస్తాను, నిద్ర పట్టడానికి సాయపడుతుంది. కానీ మనసు గట్టిగా లేకే నొప్పి వచ్చిందన్నట్టు వినిపించే మాట పదకొండేళ్లుగా పెళ్లిళ్లలో, పేరంటాల్లో వింటున్నానండీ. తెల్లవారుజామున వేళ్లు ముడుచుకుపోయి జడ వేసుకోలేక కూడా రోజంతా ఇల్లు నడిపే మనిషికి మనసు గట్టిగా లేదంటే ఎలా? ఇంకో సంగతి, మెథోట్రెక్సేట్ లివర్ మీద భారం వేస్తుంది. దాంతో పాటు ఏ ఆకు పొడి వేసుకున్నా డాక్టరుకి చెప్పే వేసుకోవాలి.

శుభోదయం, తిరుపతి | బుధవారం, ఉదయం 8:05

తప్పుగా అనలేదమ్మా, బాధ పెట్టి ఉంటే క్షమించండి. మా అత్తగారికీ కీళ్లనొప్పులు ఉన్నాయి. ఆవిడతో ఇలాగే అంటూ ఉంటాను. ఇకమీదట అనను.

డాలస్ తెలుగోడు | బుధవారం, ఉదయం 10:40

నాది దీర్ఘకాలిక మైగ్రేన్. నెలలో 15 రోజులు, అంతకంటే ఎక్కువ తలనొప్పి మూడు నెలలు దాటి ఉంటే ఈ పేరు పెడతారు. నాకు నెలకి 18, 19 రోజులు. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం.

నా అనుభవం మందు గురించే. టోపిరమేట్ మొదలుపెట్టాక తలనొప్పులు తగ్గాయి. కానీ ఒకరోజు అమ్మతో ఫోన్లో మాట్లాడుతూ పప్పు ఎలా చేశానో చెబుతున్నాను. "గరిటె" అన్న మాట రాలేదు. చేతిలో గరిటె ఉంది, చూస్తూనే ఉన్నాను, మాట రాదు. ఇంగ్లీషులోనూ రాలేదు. "కలిపేది అమ్మా, కలిపేది" అన్నాను. అమ్మ కాసేపు ఏమీ మాట్లాడలేదు, తర్వాత "బాగా నిద్రపోతున్నావా నాన్నా" అని అడిగింది. డాక్టరుకి చెబితే ఆ మందుతో మాటలు దొరకకపోవడం తెలిసిన సమస్యే అని డోసు తగ్గించి, తర్వాత మందు మార్చారు. నెల రోజుల్లో మాటలు తిరిగొచ్చాయి. నేను మూడు నెలలు సిగ్గుపడి చెప్పలేదు, అదే నేను చేసిన పొరపాటు.

ఆఫీసులో మేనేజర్‌ని ఒక్కటే అడిగాను, పని ఏదైనా నోటితో కాకుండా రాసి పంపమని. ఇక్కడ 1990 నాటి వికలాంగుల చట్టం కింద అలాంటి సర్దుబాటు అడిగే హక్కుంది. మన దేశంలో 2016 చట్టంలో 21 రకాల వైకల్యాలు ఉన్నాయి కానీ దీర్ఘకాలిక నొప్పి విడిగా లేదు. అక్కడ అడగడం ఎంత కష్టమో ఊహించగలను.

మా ఇంటాయన, గుంటూరు | బుధవారం, రాత్రి 10:15

పేషెంటు నేను కాదు, మా ఆవిడ. రెండేళ్ల కిందట చికున్‌గున్యా వచ్చింది. జ్వరం వారంలో పోయింది, కీళ్లనొప్పులు పోలేదు. ఈ పోస్టులన్నీ తనకి చదివి వినిపించాను. విని ఏడ్చింది.

రోజుకి పదిసార్లు "ఇప్పుడే చెప్పాను కదా" అంటాను. కోపంతో కాదు, నోటికి అలవాటైపోయింది. ఆ మాట అన్న ప్రతిసారీ తను మాట్లాడటం తగ్గించేసిందని ఇవాళే తెలిసింది. ఇంట్లోవాళ్లం ఏం చేయాలో చెప్పండి.

ఆదిజాకెట్టు, ఖమ్మం | గురువారం, ఉదయం 5:55

అన్నయ్యా, మీరు అడగడమే చాలా పెద్ద విషయం. నా ఒక్కదాని సంగతి చెబుతాను.

"ఏం చెప్పానో చెప్పు చూద్దాం" అని పరీక్ష పెట్టొద్దు. అప్పుడు ఉన్నది కూడా పోతుంది. చెప్పేటప్పుడు పక్క గదిలోంచి కేకేయకుండా ఎదురుగా వచ్చి ఒక్క విషయమే చెప్పండి. గ్యాసు బుక్ చేయమని, కరెంటు బిల్లని, మీ చెల్లెలు ఫోన్ చేసిందని ఒకేసారి చెబితే మూడూ పోతాయి. మాట మధ్యలో వదిన గారు ఆగిపోతే అందించకండి, పది లెక్కపెట్టేంత సేపు చూడండి. చాలాసార్లు మాట అదే వస్తుంది. మళ్లీ అడిగినప్పుడు మొదటిసారి చెప్పినట్టే చెప్పండి. మా పాప అలాగే చెబుతుంది. ఎనిమిదో తరగతి పిల్ల, దానికి ఎవరు నేర్పారో తెలియదు.

ఆదిజాకెట్టు, ఖమ్మం | ఐదు వారాల తర్వాత, ఆదివారం, సాయంత్రం 6:30

ఎవరైనా ఎదురుచూస్తుంటారని రాస్తున్నాను.

బి12 148 వచ్చింది, 200 పైన ఉండాలట. ఇంజెక్షన్లు మొదలుపెట్టారు. థైరాయిడ్ బాగానే ఉంది. జలుబు మాత్ర షీటు చూసి డాక్టరు గారు ఆపేయమన్నారు, వేరేది రాశారు. గుడ్డలు దులిపేటప్పుడు మూతికి మాస్కు కట్టుకోమన్నారు. గ్యాస్ మాత్ర మెల్లగా తగ్గిస్తున్నారు. అమిట్రిప్టిలిన్ పడుకునేటప్పుడు కాకుండా రాత్రి ఎనిమిదింటికే వేసుకోమన్నారు. ఇప్పుడు పొద్దున తల అంత బరువుగా ఉండటం లేదు.

నొప్పి అలాగే ఉంది. పేర్లు ఇంకా పోతున్నాయి. మొన్న కూడా పాలు పొంగాయి. పాలు కాగేదాకా పొయ్యి దగ్గరే స్టూలు వేసుకుని కూర్చోవాలని పెట్టుకున్నాను, ఆ రోజు కూర్చోలేదు.

పని మార్చుకున్నాను. పొద్దున పది నుంచి పన్నెండు దాకా నాకు ఒళ్లు కాస్త తేలిగ్గా ఉంటుంది, కటింగ్ ఆ రెండు గంటల్లోనే. ఫోన్ వంటింట్లో ఉంటుంది. మధ్యాహ్నం హుక్సులు, ఫాల్, పికో లాంటివే. పట్టు జాకెట్లు ఆదివారమే తీస్తాను, పాప ఇంట్లో ఉంటుంది కాబట్టి. అది పుస్తకం పట్టుకుని "ముందు మెడ ఆరు" అని చదువుతుంది, నేను గీసి టేపు మళ్లీ పెట్టి "ముందు మెడ ఆరు" అంటాను. అప్పుడు అది టిక్కు పెడుతుంది. మాస్టారు గారి టిక్కే.

ఆ పెళ్లికూతురి వాళ్లమ్మ పోయిన వారం వచ్చారు. చిన్నమ్మాయి ఓణీలకి రెండు జాకెట్లు ఇచ్చారు. నేను ముందే చెప్పాను, "అక్కా, నాకు ఈ జబ్బు ఉంది, ఒక్కోసారి మనసు అందదు, అందుకే ఆదివారం దాకా టైము కావాలి" అని. ఆవిడ "నాకు తొందరేం లేదమ్మా" అన్నారు. ఇవాళ రెండూ కత్తిరించాను.

లెక్కల మాస్టారు, పార్వతీపురం | ఆదివారం, రాత్రి 8:10

చాలా సంతోషం చెల్లెమ్మా. ముందు భాగానికి ఒక రంగు చాక్, వెనక భాగానికి ఇంకో రంగు వాడితే ఇంకా తేలిక కదా?

ఆదిజాకెట్టు, ఖమ్మం | ఆదివారం, రాత్రి 8:35

కాటన్‌కి అలాగే చేస్తున్నానండీ, ముందుకి ఎరుపు, వెనక్కి నీలం. పట్టు మీద రంగు చాక్ మరక వదలదు. అందుకని పట్టుకి తెల్ల చాకే వాడి, ముందు భాగం అంచున ఎర్ర దారంతో రెండు టాకాలు వేస్తున్నాను. కుట్టడం అయ్యాక లాగేస్తే వచ్చేస్తాయి.